మా కరవును సాక్ష్యానికి పిలవకండి

హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ పక్కన ఏ.సి. గార్డ్స్ అనే పేట ఉంది. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ కాపురమున్న చోటు అది. సిద్దీలు, హబ్షీలు అని మనం పిలిచే ఆఫ్రికా సంతతి రౌతుల దళం. నవాబు కదిలితే ఆయన బగ్గీకి ముందూ వెనకా గుర్రాల మీద నడిచినవాళ్లు, దర్బారుల్లో, పండుగ ఊరేగింపుల్లో ఈటెలు పట్టి నిలబడినవాళ్లు. ఈ దళం ప్రస్తావన ఎక్కడ వచ్చినా, సభలో గానీ పత్రికలో గానీ, చివరికి ఒకే తీర్పు వినిపిస్తుంది.

ఆ తీర్పును దాని పూర్తి బలంతోనే ముందు చెబుతాను. అది సైన్యం కాదు, రాజుగారి షోకు. యుద్ధం చేసింది లేదు, ఊరిని కాపాడింది లేదు. ఒక మనిషి గొప్పతనాన్ని వీధిలో చూపించడానికి వందల గుర్రాలను మేపారు. ఆ మేపిన డబ్బు మెట్టరైతు కట్టిన శిస్తు. అదే డబ్బు చెరువులకు పెట్టి ఉంటే అనంతపురం, పాలమూరు వంటి కరవు నేలల తలరాత మారేది. ఆ రౌతులా, కొని తెచ్చిన బానిసలు, నవాబు కొలువులో బొమ్మలు. రాచరికం పోయింది, దానితో పాటు దళమూ పోయింది. పోవలసిందే పోయింది. దాని గురించి ఇప్పుడు ఎవరికీ ఏ బాకీ లేదు.

ఇలా అనేవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. రాజుల వైభవం ఎవరి చెమటతో నడిచిందో తెలిసినవాళ్లు, జాగీర్దారీ కింద నలిగిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువమంది. వారి కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపం తప్పు మనిషి మీద పడింది. పైగా ఆ వాదనకు మా ప్రాంతపు కరవును సాక్షిగా నిలబెడుతున్నారు. నేను అనంతపురం జిల్లా గుమ్మఘట్ట నుంచి రాస్తున్నాను. మా పేరు మీద ఇస్తున్న సాక్ష్యం అబద్ధమని చెప్పే హక్కు మాకు ఉంది.

1. "మెట్టరైతు శిస్తుతో గుర్రాలను మేపారు, అందుకే కరవు"

వాదన మొత్తానికి ఆయువుపట్టు ఇదే కాబట్టి ముందు దీన్నే పట్టుకుంటాను.

తేదీలు చూడండి. రాయదుర్గం, గుమ్మఘట్ట సహా ఈ ప్రాంతాన్ని నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలు అన్న పేరు అప్పటిదే. ఎందుకు ఇచ్చాడు? తన రాజ్యంలో నిలిపిన కంపెనీ సైన్యం ఖర్చు కింద ఇచ్చాడు. ఆ సైన్యం ఉత్సవ దళం కాదు, తుపాకులూ ఫిరంగులూ ఉన్న అసలు సిసలు యుద్ధసేన. అంటే మా నేలను ఎవరి లెక్కలోనో జమ కట్టించినది 'పనికొచ్చే' సైన్యమే. ఆఫ్రికా రౌతుల దళమో, 19వ శతాబ్దిలో వనపర్తి సంస్థానంలో రాజా రామేశ్వరరావు దగ్గర రూపు దిద్దుకొని, ఆ తరువాత నిజాం కొలువుకు చేరింది. అప్పటికి మేము నిజాం ప్రజలం కాము. గుమ్మఘట్ట రైతు ఆ దళానికి ఒక్క దమ్మిడీ కట్టలేదు. కట్టే అవకాశమే లేదు.

మేము కట్టిన శిస్తు మద్రాసు ప్రెసిడెన్సీకి. మద్రాసు గవర్నరుకూ గుర్రపు అంగరక్షక దళం ఉండేది. 1778లో పుట్టి 1947 దాకా నడిచింది. గవర్నరు బగ్గీ వెంట ఎర్రకోట్లు తొడుక్కొని నడిచిన ఆ దళానికి మాత్రం మా తాతముత్తాతల శిస్తులో వాటా ఉంది. ఇన్నేళ్లలో ఆ దళాన్ని దండుగ అని ఎవరైనా రాయగా మీరు చూశారా? నేను చూడలేదు. దొర గుర్రం కళ్లకు కనబడదు, హబ్షీ గుర్రం మాత్రం కరవుకు కారణమైపోతుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వాదన చేసేవాళ్లే చెప్పాలి.

ఇక రాజుల డాబు పోతే కరవు పోతుందన్న నమ్మకం. దీన్ని పరీక్షించడానికి మా జిల్లా కన్న మంచి చోటు దొరకదు. 1800లో థామస్ మన్రో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. ఏడేళ్లలో పాళెగాళ్ల బలం విరిచాడు. వాళ్ల రౌతులూ, కట్టుబడి బంట్రోతులూ, కోటల ముందు నగారాలూ పోయాయి. దండుగ అనదగినదంతా ఊడ్చుకుపోయింది. ఆ తరువాత మా చెరువులు నిండాయా? 1876–78లో ధాత కరువు వచ్చింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్లారి జిల్లా జనం సుమారు ఐదో వంతు తగ్గిపోయారు. రాయదుర్గం తాలూకా అప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. రాజు లేడు, గుర్రం లేదు, ఊరేగింపు లేదు. చావులు మాత్రం ఉన్నాయి.

పక్కనే మైసూరు సంస్థానం. మైసూరు మహారాజు గుర్రపు దళాలను పోషించాడు, దసరా ఊరేగింపును ప్రపంచం వచ్చి చూసేలా చేశాడు. అదే సంస్థానం 1907 నాటికి వేదవతి నదికి అడ్డంగా మారికణివె దగ్గర వాణీవిలాస సాగర్ కట్టింది. ఆ వేదవతే కిందికి వచ్చి మా దగ్గర హగరి అవుతుంది. మా మండలంలోని భైరవానితిప్ప ప్రాజెక్టు దాని మీదే ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక, ఏ రాజూ లేని కాలంలో, సుమారు 12 వేల ఎకరాలకు నీళ్లిస్తామని కట్టిన ప్రాజెక్టు అది. ఎన్నో ఏళ్లు అది అడుగంటే ఉంది. పైనున్న వాణీవిలాస సాగర్ 2022 సెప్టెంబరులో పొర్లిందంటే జనం తండోపతండాలుగా చూడబోయారు. అది అంతకు ముందు పొర్లింది 1930లలో మరి. గుర్రాలను మేపిన రాజ్యానికి ఆనకట్ట ఉంది, గుర్రాలు లేని మాకు ఎండిన ప్రాజెక్టు ఉంది. హైదరాబాదు సంస్థానం కూడా ఆ రౌతులు కొలువులో ఉన్న రోజుల్లోనే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్, నిజాం సాగర్ కట్టింది. దీన్నిబట్టి రాజులు మంచివాళ్లని నేను అనను. గుర్రాల ఖర్చుకూ చెరువుల లేమికీ ముడి పెట్టిన వాదన నిలబడదంటాను, అంతే.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. దక్షిణాదిలో గుర్రాల దాణా అంటే ప్రధానంగా ఉలవలే. ఉలవ పండేది ఎక్కడ? మాగాణిలో కాదు. వేరుశనగ దెబ్బతిన్న ఏడాది, ఆలస్యంగా ఒక పదును పడితే మా రైతు చల్లుకునే ఆఖరి పంట అది. లాయాలు ఉన్నన్నాళ్లూ ఆ గింజకు పట్టణంలో కొనేవాడు ఉండేవాడు. కరవు నేలను గుర్రం దోచిందని చెప్పేవాళ్లు ఆ నేల గింజను కొన్నది కూడా గుర్రపు లాయమేనని ఎప్పుడూ చెప్పరు.

2. "అది సైన్యం కాదు, వట్టి అలంకారం"

గుర్రం స్వభావానికి బెదురుగొడ్డు. డప్పు మోగితే పక్కకు దూకుతుంది, గుడ్డ రెపరెపలాడితే వెనకడుగు వేస్తుంది. అలాంటి జంతువును టపాకాయలు, నగారాలు, వేలమంది అరుపుల మధ్య అడుగు తప్పకుండా నడిపించాలంటే ఏళ్ల తరబడి రోజూ పని చేయాలి. తెల్లవారకముందే మాలీషు, గిట్టల శుభ్రం, లాడాల తనిఖీ, జీను కింద వీపు ఒరుసుకుపోయిందేమో చూడడం, తరువాత మైదానంలో కవాతు. ఒక చేతిలో ఈటె ఉంటుంది కాబట్టి కళ్లెం మీద కన్న మోకాళ్ల ఒత్తిడి మీదే గుర్రాన్ని నడపాలి. ఇది తెలిసినవాడు రౌతు. తెలియనివాడు గుర్రం మీద కూర్చున్న బరువు. ఈ విద్యను షోకు అని కొట్టిపారేసేవాళ్లు గణతంత్ర దినోత్సవం నాడు రాష్ట్రపతి వెంట నడిచే అశ్వదళాన్ని చూసి చప్పట్లు కొడతారు. అదే విద్య, అదే పని. హైదరాబాద్ నగర పోలీసులు నేటికీ గుర్రాలను ఉంచుకుంటున్నారు. గుంపును చెదరగొట్టడంలో, దారి ఇప్పించడంలో గుర్రం చేసే పని వాళ్లకు తెలుసు.

ఉత్సవాల్లో కనిపించే సంస్థానపు రౌతులు యుద్ధానికి పనికిరారన్న మాట కూడా చరిత్ర ముందు నిలవదు. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా పట్టణాన్ని పట్టుకున్నది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. మరఫిరంగుల ఎదుట ఈటెలతో గుర్రాల మీద దూకారు. అదే దండులో భాగంగా ఎడారికి వెళ్లిన హైదరాబాద్ లాన్సర్లకు యుద్ధఖైదీలను తరలించే బాధ్యత పడింది. ఢిల్లీలో మూడు విగ్రహాల కూడలి, ఇప్పటి తీన్‌మూర్తి హైఫా చౌక్, నిలబెట్టింది ఈ మూడు సంస్థానాల రౌతుల జ్ఞాపకంగానే. హైదరాబాద్ లాన్సర్లు వేరు, ఆఫ్రికన్ గార్డ్స్ వేరు. ఒకరి కీర్తిని మరొకరికి అంటగట్టను. కానీ అవన్నీ సంస్థానాలు పోషించిన దళాలే. శాంతికాలంలో రాజు ముందు కవాతు చేసినవాళ్లే యుద్ధకాలంలో పంపిన చోటికి వెళ్లారు. ఎక్కడికి పంపాలో, ఎక్కడ నిలబెట్టాలో తేల్చింది రౌతు కాదు. నవాబు వాకిట నిలబడమంటే నిలబడినవాణ్ని, నువ్వు యుద్ధం ఎందుకు చేయలేదని వందేళ్ల తరువాత నిలదీయడం అన్యాయం.

3. "కొని తెచ్చిన బానిసలు, నవాబు బొమ్మలు"

ఈ మాటలో తర్కం కన్న తిరస్కారం ఎక్కువ. అయినా జవాబిస్తాను.

హిందూ మహాసముద్రం మీదుగా ఎందరో ఆఫ్రికన్లను బానిసలుగా దక్కనుకు తెచ్చారు, నిజమే. అలా అమ్ముడుపోయి వచ్చినవాడే మలిక్ అంబర్. 1626లో చనిపోయేనాటికి అహ్మద్‌నగర్ రాజ్యానికి పీష్వా, మొగలులను దశాబ్దాల పాటు దక్కను వాకిట ఆపిన సేనాని. అంత దూరం ఎందుకు, మా రాయదుర్గం, ఆదోని రెండూ 1953 దాకా బళ్లారి జిల్లావే. ఆ ఆదోనిని 17వ శతాబ్దిలో బిజాపూర్ తరఫున ఏలినవాడు సిద్ది మసూద్ ఖాన్, హబ్షీ. ఆయన కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఆదోని నడిబొడ్డున నిలిచి ఉంది. ఈ నేల మీద హబ్షీలు కోటలు ఏలారు, కట్టడాలు కట్టారు, శిస్తులు వసూలు చేశారు, యుద్ధాలు ఓడారు కూడా. నిజాం కొలువులోని రౌతులు జీతం తీసుకున్న సిపాయిలు. వాళ్లను బొమ్మలంటే ఆ మూడు వందల ఏళ్లకు పైబడిన దక్కను చరిత్రను చెరిపేసినట్టే.

అసలు లోపం మరొకటి. ఒక్క నిమిషం మీ మాటే నిజమనుకుందాం. వాళ్ల పూర్వీకులంతా సంకెళ్లతోనే వచ్చారనుకుందాం. అప్పుడు మన బాధ్యత తగ్గుతుందా, పెరుగుతుందా? ఒక మనిషిని బలవంతంగా సముద్రాలు దాటించి తెచ్చి, తరాల పాటు చాకిరీ చేయించుకొని, చివరికి "నువ్వు బానిసవే కదా, నీకు బాకీ ఏముంది" అనడం ఏ ధర్మంలో ఉంది? వాదన మొదటి సగం వాళ్లను బాధితులంటుంది, రెండో సగం అదే కారణం చూపి వాళ్లను గెంటేస్తుంది.

4. "రాచరికంతో పాటు పోవలసిందే పోయింది"

పోయింది ఏమిటో, మిగిలింది ఏమిటో లెక్క తీద్దాం.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసి హైదరాబాదు భారతదేశంలో కలిసింది. నిరంకుశ పాలన అంతమైంది. అందుకు ప్రాణాలిచ్చిన తెలంగాణ రైతుకూలీలకు నా నమస్కారం. తరువాత నిజాం ఏమయ్యాడు? 1950 నుంచి 1956 దాకా రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నరు వంటి రాష్ట్రాధిపతి, అయ్యాడు. ఏడాదికి లక్షల రూపాయల రాజభరణం, దాని మీద పన్ను లేదు. రాజభరణాలకు రాజ్యాంగంలో 291వ అధికరణం పెట్టి హామీ ఇచ్చారు. 1971లో 26వ సవరణ దాకా అవి నడిచాయి. మరి రౌతు? దళాన్ని 1951లో రద్దు చేశారు. అతని పేరు ఏ అధికరణంలోనూ లేదు.

రాచరికపు డాబు పోవాలన్నదే సూత్రమైతే ముందు పోవలసింది ఎవరు? గుర్రం దిగమని చెప్పింది బగ్గీలో కూర్చున్నవాడికి కాదు, బగ్గీ వెంట నడిచినవాడికి. దీన్ని రాచరికం అంతం అనడం నా వల్ల కాదు.

గుర్రపు దళాలు దండుగ కాబట్టి రద్దయ్యాయి అంటారా? 1953లో ఇదే గణతంత్రం గ్వాలియర్, మైసూరు, జోధ్‌పూర్, పటియాలా వంటి సంస్థానాల రౌతులను కలిపి కొత్త అశ్వదళాన్ని నిర్మించింది. మరుసటి ఏడాది దానికి 61వ కావల్రీ అని పేరు పెట్టింది. ఆ జాబితాలో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ లేరు. 1773లో వారన్ హేస్టింగ్స్ కాశీలో పుట్టించిన గవర్నర్ జనరల్ అంగరక్షక దళమే నేటి రాష్ట్రపతి అంగరక్షక దళం. 2024 జనవరి 26న రాష్ట్రపతి నలభై ఏళ్ల తరువాత మళ్లీ గుర్రపు బగ్గీలో కర్తవ్యపథ్‌కు వచ్చారు, ఆ దళమే చుట్టూ నడిచింది. దాన్ని చూసి నాకు గర్వమే కలిగింది. అయితే ఇక 'గుర్రాలు దండుగ' అన్న కారణం చెల్లదు. కంపెనీ దొర అంగరక్షకులు జాతి సంప్రదాయమయ్యారు, మైసూరు రౌతులు జాతి సేన అయ్యారు, హబ్షీ రౌతులు మాత్రం నవాబు షోకు అయ్యారు. ఒకే రకం పనికి మూడు రకాల విలువ కట్టారు.

నిజాం సేన కాబట్టి రజాకార్ల పాపంలో వాటా ఉందని కొందరంటారు. రజాకార్లు కాశిం రజ్వీ నడిపిన వలంటీరు దండు, గార్డ్స్ సంస్థానపు జీతగాళ్లు. నేరం చేసినవాడు ఎవడైనా ఉంటే అతని పేరు చెప్పి నిరూపించాలి. కొలువు చూసి నేరం మోపితే, నవాబు దగ్గర దివాన్లుగా, కొత్వాళ్లుగా చేసి తరువాత గౌరవంగా బతికినవాళ్లందరి మీదా మోపాలి. ఆ పని ఎవరూ చేయలేదు, చేయరు కూడా.

5. పొగిడేవాళ్లకూ ఒక మాట

ఎదుటి పక్షంలో మరో మాట ప్రచారంలో ఉంది. నిజాం హబ్షీలను కన్నబిడ్డల్లా చూసుకున్నాడని, అది సామరస్యానికి గుర్తని. ఇదీ అదే తప్పు. రౌతు కథను మళ్లీ రాజు గొప్పదనంగా మారుస్తుంది. కన్నబిడ్డలైతే రాజభరణం లెక్కలో వాళ్ల వాటా ఎంత? దీని మీద ఇంతకన్నా రాయవలసింది లేదు.

6. మరేం చేయాలి

తీర్పు మార్చుకుంటే చాలదు, పనులు జరగాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007 చట్టంలో బి.సి.-ఇ జాబితాలో "సిద్ది, యాబ, హబ్షీ, జాసి" అని స్పష్టంగా ఉంది. అంటే వాళ్లు వెనకబడ్డారని ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకుంది. కర్ణాటక సిద్దీలకు ఉత్తర కన్నడ జిల్లాలో 2003లోనే షెడ్యూల్డ్ తెగ హోదా వచ్చింది, 2020లో బెళగావి, ధార్వాడ జిల్లాలకూ విస్తరించింది. హైదరాబాదు సిద్దీల స్థితి వారితో పోలిస్తే ఎలా ఉందో తేల్చాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కులసర్వే చేసింది. అందులో సిద్దీల చదువు, ఉపాధి, ఇళ్ల వివరాలను విడదీసి జనం ముందు పెట్టాలి.

నిజాం కాలపు సైనిక దస్తావేజుల్లో ఆ దళానికి సంబంధించిన ప్రతి కాగితాన్నీ, జీతాల పట్టీలనూ, రద్దు ఉత్తర్వులనూ వెలికితీసి అచ్చు వేయాలి. రౌతుల మనవళ్లూ మనవరాళ్లూ ఏ.సి. గార్డ్స్‌లో ఇంకా ఉన్నారు. హైదరాబాదు పెళ్లిళ్లలో మోగే మర్ఫా డోలు వాళ్ల ఇళ్లలో నిలిచిన విద్య. వాళ్ల నోటి చరిత్రను విశ్వవిద్యాలయాలు ఇప్పుడే రికార్డు చేయాలి, ఎందుకంటే 1951ని కళ్లారా చూసినవాళ్లు ఇక ఎక్కువమంది ఉండరు. వనపర్తిలోనూ ఆ దళం పుట్టుకను చెప్పే ఫలకం ఒకటి నిలబెట్టాలి. అది తెలుగు సంస్థానపు గడ్డ మీద మొదలైన కథ. పాఠ్యపుస్తకంలో మలిక్ అంబర్ ఎంత ఉంటాడో వీళ్లూ అంత ఉండాలి.

వీటిలో ఏ ఒక్కటీ మా చెరువు నీళ్లు తాగదు. భైరవానితిప్పకు నీళ్లెప్పుడు తెస్తారని మేము ప్రభుత్వాన్నే అడుగుతున్నాం, అడుగుతూనే ఉంటాం. ఆ జవాబు మాకు హబ్షీ రౌతు ఇవ్వనక్కర్లేదు.